మణిపురంలో గుర్రపు చెండాట

పోలో అనే మాట వినగానే మన కళ్ళముందు ఒక బొమ్మ ఆడుతుంది. తెల్ల పంట్లాము, మోకాలిదాకా బూట్లు, నెత్తిన టోపీతో ఒక దొరగారు. ఆయన క్రింద నిగనిగలాడే ఎత్తయిన గుర్రం. దూరాన డేరా క్రింద టీ త్రాగుతూ చప్పట్లు కొట్టే దొరసానులు. దొరలు పోయినా ఆ బొమ్మ మాత్రం పోలేదు. వారి స్థానంలోకి మహారాజులు వచ్చారు. మహారాజుల తరువాత కోటీశ్వరులు వచ్చారు. ఈనాడు చొక్కా మీద రవ్వంత గుర్రపురౌతు బొమ్మ కుట్టి ఉంటే చాలు, దాని వెల అమాంతంగా పెరిగిపోతుంది. మన హైదరాబాదులో ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియం ఉన్న ఫతేమైదానం కూడా నిజాముల కాలంలో పోలో ఆడిన చోటే. అదంతా నవాబుల వ్యవహారమనీ, బళ్ళో పాఠాలు చెప్పుకుని బ్రతికే మనబోటివారికి దానితో నిమిత్తం లేదనీ నేను చాలాకాలం అనుకుంటూ వచ్చాను.

2019 నవంబరులో ఇంఫాల్ వెళ్ళేవరకు ఆ అభిప్రాయం మారలేదు.

వెళ్ళింది ఆట చూడడానికి కాదు. భాషల మీద జరిగిన సదస్సులో ఒక వ్యాసం చదవడానికి. మణిపురమంటే తెలుగు చదువుకున్నవాడికి చప్పున తోచేది చిత్రాంగద, బభ్రువాహనుడు. ధర్మరాజు అశ్వమేధాశ్వం మణిపురం చేరితే బభ్రువాహనుడు దానిని కట్టివేశాడని జైమిని భారత కథ. పిల్లలమర్రి పినవీరభద్రుడు దానిని తెనిగించాడు. ఆ మణిపురం ఈ మణిపూరేనా అంటే పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. కళింగ తీరంలో వెతికినవారూ ఉన్నారు. ఆ తగవు మనకెందుకు గాని, గుర్రాన్ని కట్టివేసిన ఊరు అనే మాట నా మనస్సులో ఉండిపోయింది. తీరా వెళ్ళి చూస్తే అక్కడి గుర్రాలను ఎవరూ కట్టివేయడం లేదు. విమానాశ్రయం నుంచి వస్తుంటే రోడ్డు ప్రక్కన నాలుగైదు పొట్టి గుర్రాలు, మన ఊళ్ళలో ఆవులు తిరిగినట్లు, నింపాదిగా తిరుగుతున్నాయి. ఒకటి చెత్తకుండీలో మూతి పెట్టి ఏదో నములుతున్నది. వాటికి జీను లేదు, కళ్ళెం లేదు, ప్రక్కన మనిషి లేడు.

"ఎవరివండీ ఇవి?" అని మా ఆతిథేయిని అడిగాను. ఆయన అక్కడొక కళాశాలలో మైతేయి సాహిత్యం చెబుతారు.

"ఎవరివో వారివే. సాయంత్రానికి వాటంతట అవే ఇళ్ళకు పోతాయి," అని ఆయన నవ్వారు. "మీరు రేపు నాతో మైదానానికి రండి. వీటి సంగతి అక్కడ చూద్దురు గాని."

ఇంఫాల్ నడిబొడ్డున కాంగ్లా కోట ఉన్నది. మైతేయి రాజుల పీఠమది. 1891 తరువాత సైన్యాల చేతిలో ఉండి, 2004 నవంబరులో ప్రజలపరమయింది. ఆ కోట లోపల ఒక పోలో మైదానం, వెలుపల ఒక పోలో మైదానం ఉన్నాయి. లోపలిది రాజుగారికి, వారి బంధుజనానికి. వెలుపలిది ఊరందరికీ. దీని పేరు మాపల్ కాంగ్జెయిబుంగ్. 'మాపల్' అంటే వెలుపలి అని అర్థం. ఈనాటికీ ఆట నడుస్తున్న పోలో మైదానాలలో ప్రపంచంలోకెల్లా పాతది ఇదేనని చెబుతారు. చుట్టూ ఊరి రద్దీ. కాస్త దూరం నడిస్తే, తరతరాలుగా కేవలం ఆడవాళ్ళే నడుపుతున్న ఇమా కైథెల్ బజారు. మైదానంలోకి వెళ్ళడానికి టిక్కెట్టు లేదు, డేరా లేదు, టీ త్రాగే దొరసానులు అసలే లేరు. మెట్లమీద మెడకు శాలువలు చుట్టుకున్న ముసలివాళ్ళు, బఠాణీలు నములుతున్న పిల్లలు, సంచుల్లో కూరలతో బజారు నుంచి వస్తూ ఆగిన ఇల్లాళ్ళు. నా ప్రక్కన కూర్చున్న పెద్దమనిషి ఏదో కచేరీలో గుమాస్తా. మధ్యాహ్నమే పని ముగించుకుని వచ్చాడట. అక్కడ నవంబరులో నాలుగున్నరకల్లా సూర్యుడు అస్తమిస్తాడు. ఆటకైనా, పనికైనా త్వరపడవలసిందే.

ఆటను అక్కడివారు సగోల్ కాంగ్జెయి అంటారు. 'సగోల్' అంటే గుర్రం. 'కాంగ్జెయి' అంటే కర్రతో బంతిని కొట్టే ఆట. మనం తెలుగులో గుర్రపు చెండాట అనుకుంటే సరిపోతుంది. ఒక్కొక్క పక్షానికి ఏడుగురు రౌతులు. ప్రపంచమంతా ఆడే పోలోలో నలుగురే. రౌతులు తలపాగా చుట్టి, ధోవతి మోకాళ్ళ పైకి బిగించి, పిక్కలకు రక్షణగా కవచం వంటిది కట్టుకుని, ఉత్త పాదాలతో గుర్రమెక్కుతారు. గుర్రాలకు మాత్రం మంచి అలంకారం చేస్తారు. తలకు, ప్రక్కలకు, తోకకట్టుకు రంగురంగుల ఊలు కుచ్చులు వ్రేలాడుతుంటాయి. సోకు అనుకున్నాను. కాదట. కర్ర గాని, బంతి గాని సుకుమారమైన చోట తగిలితే దెబ్బ ఆపడానికట. సోకూ రక్షణా ఒకటే అయితే ఇంకేం కావాలి!

కర్ర పేముబెత్తం. దాని కొనకు గట్టి చేవకర్ర ముక్కను కాస్త ఏటవాలుగా బిగిస్తారు. బంతి వెదురు దుంపతో చేసింది, నారింజపండంత ఉంటుంది. ఆటకు గోలుపోస్టులు లేవు. అవతలివారి కొసగీత దాటించడమే గెలుపు, ఎక్కడనుంచి దాటించినా సరే. మధ్యలో ఒకాయన నిలబడి బంతిని ఎత్తుగా గాలిలోకి విసురుతాడు. విసిరి, ప్రాణం అరచేత పెట్టుకుని ప్రక్కకు తప్పుకుంటాడు. పద్నాలుగు గుర్రాలు ఒక్కచోటికి దూకుతాయి.

ఆ తరువాత నేను చూచినదాన్ని వరుసగా చెప్పలేను. దుమ్ము, గిట్టల చప్పుడు, కర్రకు కర్ర తగిలిన చటచటలు, కేకలు. గాలిలోకి లేచిన బంతిని ఒక కుర్రవాడు ఒడుపుగా చేతితో పట్టుకున్నాడు. ఇదేమి అన్యాయం అనుకుంటుండగానే తానే దానిని పైకెగరవేసి, అది క్రిందకు దిగేలోపల కర్రతో లాగి కొట్టాడు. పక్షులను రెప్పలాడించినట్లు గుంపు అటు మళ్ళింది. నాకు చిన్నప్పటి బిళ్ళంగోడు గుర్తుకు వచ్చింది. గోడుతో బిళ్ళను లేపి, గాలిలో ఉండగానే బలంకొద్దీ కొట్టడం. ఆ పనినే పరుగెత్తే గుర్రంమీద కూర్చుని చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. బంతిని చేతపట్టడం ఈ ఆటలో నిషిద్ధం కాదు, విద్య.

గుర్రాల సంగతి వేరే చెప్పాలి. పన్నెండు, పదమూడు జానల కంటె ఎత్తుండవు. గుర్రాల లెక్కలో జాన అంటే నాలుగంగుళాలు. అంటే మనిషి ఛాతీదాకా వస్తాయేమో. రౌతు కాళ్ళు దాదాపు నేలకు దగ్గరగా వ్రేలాడుతుంటాయి. మొదట చూచినప్పుడు పిల్లల ఆటలా అనిపించి నవ్వు వచ్చిన మాట నిజం. ఆ పొట్టి గుర్రం ఒక్క గిరికీలో వెనక్కు తిరిగి, నాలుగంగలలో పూర్తివేగం అందుకునేసరికి నవ్వు ఆగిపోయింది. ప్రక్కనున్న గుమాస్తాగారు గర్వంగా తల ఊపాడు.

అర్ధవిరామంలో మా మిత్రుడు ఒక మాట అన్నారు: "ఇక్కడ ఇది మనుషుల ఆట కాదండీ ఓజా, దేవుడి ఆట."

ఈ 'ఓజా' దగ్గర నేను కాస్త ఆగాలి, వృత్తిదోషం. మైతేయిలో ఓజా అంటే గురువు. మన పాత తెలుగులో గురువును ఒజ్జ అన్నారు. రెండూ ఉపాధ్యాయ శబ్దం ప్రాకృతంలో అరిగి అరిగి మిగిలిన రూపాలే. మూడువేల కిలోమీటర్ల దూరాన నన్నొకరు ఒజ్జా అని పిలుస్తుంటే మా అమ్మమ్మ ఊరికి వచ్చినట్లు అనిపించింది.

దేవుడి పేరు మార్జింగ్. ఇంఫాల్‌కు ఈశాన్యాన హైంగాంగ్ కొండమీద ఉంటాడు. మణిపూరు లోయను నలుదిక్కుల కాచే నలుగురు దేవుళ్ళలో ఒకడు. గుర్రానికీ, గుర్రపు చెండాటకూ అధిదేవత. ఆయన గుర్రానికి రెక్కలుండేవని, దాని పేరు సమదోన్ ఆయాంగ్బా అని, ఇప్పటి పొట్టి గుర్రాలు దాని సంతానమేనని చెప్పుకుంటారు. తమిళదేశంలో అయ్యనార్‌కు మట్టి గుర్రాలు సమర్పించినట్లు, మార్జింగ్ సన్నిధిలో గుర్రపు బొమ్మలు, పోలో కర్రలు సమర్పిస్తారు. లాయ్ హరావోబా అనే దేవతోత్సవంలో పూజారిణి పోలో కర్ర చేతబట్టి నర్తించే ఘట్టం కూడా ఉన్నది. క్రీస్తుశకం 33లో సింహాసనమెక్కినట్లు సంప్రదాయం చెప్పే పాఖంగ్బా రాజు కాలంలోనే ఈ ఆట ఉండేదంటారు. చరిత్రకారుడు ఆ తేదీని ఒప్పుకోకపోవచ్చు. కాని రాజు పట్టాభిషేకంతోపాటు ఆటనూ జ్ఞాపకం ఉంచుకున్న జాతికి ఆ ఆటంటే ఎంత గౌరవమో తెలుస్తూనే ఉన్నది. రాజ్యంలోని మగవాళ్ళను నాలుగు పన్నాలుగా విభజించి, కొలువు పనులు పంచేవారు. ఆటలో కూడా పన్నాకు పన్నా పోటీ. అంటే, మైదానంలో ఎదురెదురుగా నిలిచేది జమీందారులు కాదు, సేద్యం చేసుకునే రైతులు. గుర్రమున్నవాడు గుర్రమెక్కేవాడు. ఉన్నవాళ్ళు చాలామందే.

ఇంతమందికి గుర్రాలెందుకు? అవతల బర్మా ఉన్నది కనుక.

పద్ధెనిమిదో శతాబ్దంలో గరీబ్ నివాజ్ అనే బిరుదుతో ప్రసిద్ధుడైన పామ్‌హైబా రాజు ఈ పొట్టి గుర్రాల దండుతో బర్మామీదికి ఎన్నో దాడులు చేశాడు. వాళ్ళ ఆయుధం అరంబాయి. ఈకలు కట్టిన చిన్న శూలం. జీనుకు రెండు ప్రక్కల పొదులు. శత్రువు తరుముకు వస్తుంటే పారిపోతున్నట్లే పారిపోతూ, వెనక్కు తిరిగి దానిని విసిరేవారు. పరుగెత్తే గుర్రంమీద నడుమును మెలితిప్పి, వెనక ఉన్న గురిని కొట్టడం ఎక్కడ నేర్చారంటే చెండాటలోనే నేర్చారు. తరువాత కాలంలో అదృష్టం తిరగబడి బర్మావాళ్ళు మణిపురీలను చెరపట్టుకుపోయారు. ఆ చెరపట్టినవారితోనే బర్మా రాజు తన అశ్వదళాన్ని నింపుకున్నాడు. 1795లో బర్మా వెళ్ళిన ఆంగ్లేయ రాయబారి మైకేల్ సైమ్స్, అక్కడి అశ్వికులంతా కస్సే దేశస్థులని వ్రాశాడు. కస్సే అంటే బర్మావాళ్ళ నోట మణిపూరు.

పోలో కథలో పెద్ద మలుపు ఇక్కడే ఉన్నది. 1819 నుంచి 1826 దాకా బర్మా సైన్యం మణిపూరును తొక్కివేసింది. ఆ ఏడేళ్ళనూ మణిపురీలు 'చహీ తరేత్ ఖుంతాక్పా' అంటారు, ఏడేళ్ళ వినాశం అని. ఊళ్ళకు ఊళ్ళు పాడుబడ్డాయి. బ్రతికి బయటపడ్డవారు పడమటి కొండలు దాటి కచార్ చేరారు. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవారు తమతో ఏమి తెచ్చుకోగలరు? భాష తెచ్చుకున్నారు, కీర్తన తెచ్చుకున్నారు, గుర్రాలను, ఈ ఆటను తెచ్చుకున్నారు. గంభీర్ సింగ్ ఇంగ్లీషువారి సాయంతో రాజ్యాన్ని తిరిగి సంపాదించినా, చాలా కుటుంబాలు కచార్‌లోనే నిలిచిపోయాయి.

అక్కడ ముప్ఫై ఏళ్ళ తరువాత జోసెఫ్ షెరర్ అనే చిన్న సైనికోద్యోగి ఈ కాందిశీకుల బిడ్డలు గుర్రాలమీద బంతి తరమడం చూచాడు. ముచ్చటపడ్డాడు. రాబర్ట్ స్టూవర్ట్ అనే పై అధికారిని కలుపుకుని, తేయాకు తోటల దొరలను చేర్చుకుని, 1859లో సిల్చార్‌లో క్లబ్బు పెట్టాడు. 1862లో కలకత్తా పోలో క్లబ్బు వచ్చింది. 1869లో ఇంగ్లండులో ఆల్డర్‌షాట్ దగ్గర పదవ హుస్సార్ల దళం అధికారులు తొలిసారి ఆడి చూచారు. 1876కు అమెరికా చేరింది. 1900లో పారిస్ ఒలింపిక్స్‌లో ప్రవేశించింది, 1936 దాకా ఉన్నది. ఏడుగురు నలుగురయ్యారు. గోలుపోస్టులు లేచాయి. పొట్టి గుర్రం పోయి పెద్ద గుర్రం వచ్చింది. ఆటలోని ఒక్కొక్క భాగాన్ని ఇంగ్లీషువాళ్ళు చకర్ అంటారే, అది మన చక్కరు కొట్టడంలోని చక్కరే!

చిత్రమేమంటే, ఆట మణిపూరునుంచి పోయినా పేరు మాత్రం అక్కడిది పోలేదు. 'పులు' అనేది కాశ్మీరానికి ఉత్తరాన ఉన్న బల్టీ భాషలో బంతికి పేరు. అక్కడా గుర్రపు చెండాట ఉన్నది. పారశీకంలో దీనినే చౌగాన్ అన్నారు. ఢిల్లీ సుల్తాను కుతుబుద్దీన్ ఐబక్ 1210లో లాహోరులో చౌగాన్ ఆడుతూ గుర్రంమీదనుంచి పడి మరణించాడు. అక్బరు పాదుషా చీకట్లో కూడా ఆడడానికి మోదుగ కర్రతో బంతులు చేయించి, నిప్పంటించి ఆడేవాడని అబుల్ ఫజల్ వ్రాశాడు. మోదుగకర్ర నెమ్మదిగా కాలుతుందట. మనం ఆకులు కుట్టుకునే మోదుగకు అంత వైభోగం పట్టిందన్నమాట. కాని పాదుషాల చౌగాన్ పాదుషాలతోనే పోయింది. ఈనాడు ప్రపంచం ఆడుతున్న ఆట కచార్‌లోని కాందిశీకులు ఇచ్చినది.

ఆట ముగిసింది. ఎవరు గెలిచారో నాకు సరిగా అర్థం కాలేదు, గుమాస్తాగారి ముఖం చూచి ఆయన పక్షం ఓడిందని మాత్రం గ్రహించాను. చీకటి పడుతుండగా మిత్రుడు నన్ను ప్రక్కనే ఉన్న పార్కులోకి తీసుకువెళ్ళి ఒక స్తంభం చూపారు. అది టికేంద్రజిత్ స్మారకం.

టికేంద్రజిత్ యువరాజు, సేనాపతి. ఆ కాలంలో పోలోలో ఆయనను మించినవాడు లేడని ప్రతీతి. 1888 ప్రాంతాల మణిపూరుకు వచ్చిన ఇంగ్లీషు రాజకీయ ప్రతినిధి గ్రిమ్‌వుడ్ ఆయనతో కలిసి పోలో ఆడేవాడు. సేనాపతి ఆటను గ్రిమ్‌వుడ్ భార్య ఎథెల్ తన జ్ఞాపకాల పుస్తకంలో ఎంతో మెచ్చుకున్నది. ఇంతలో 1890 సెప్టెంబరులో అంతఃపుర కలహం రేగి పెద్దన్న సురచంద్రుడు గద్దె దిగాడు. దీనికంతకూ కారకుడు టికేంద్రజిత్ అని తలచిన ప్రభుత్వం ఆయనను పట్టి దేశం దాటించడానికి 1891 మార్చిలో చీఫ్ కమీషనర్ క్వింటన్‌ను నాలుగువందల సిపాయిలతో పంపింది. దర్బారుకు పిలిచి పట్టుకుందామని ఎత్తు. అది పారలేదు. మార్చి 24న కాల్పులు జరిగాయి. ఆ రాత్రి క్వింటన్, గ్రిమ్‌వుడ్, మరి ముగ్గురు అధికారులు హతులయ్యారు. ఎథెల్ కాలినడకన కచార్ దారి పట్టింది. వెంటనే మూడు వైపుల నుంచి ఇంగ్లీషు సైన్యాలు వచ్చిపడ్డాయి.

1891 ఆగస్టు 13న టికేంద్రజిత్‌నూ, వృద్ధుడైన థాంగల్ సేనానినీ బహిరంగంగా ఉరి తీశారు. ఉరికంబం వేసినది పోలో మైదానంలో. ఆయన ఏ మైదానంలో గుర్రమెక్కి ఊరిచేత శభాష్ అనిపించుకున్నాడో అక్కడే. వేలాది స్త్రీలు తెల్లబట్టలు కట్టుకుని వచ్చి నిలబడ్డారట. ఇప్పటికీ ఆగస్టు 13 అక్కడ దేశభక్తుల దినం. మైదానం మాత్రం స్మశానం కాలేదు. అక్కడ మళ్ళీ ఆడారు. ఆ సాయంత్రం నేను చూచింది ఆ గడ్డమీదనే.

మరునాడు ఉదయం మిత్రుడు నన్ను ఒక ఇంటికి తీసుకువెళ్ళారు. ముందురోజు బంతిని గాలిలో పట్టిన కుర్రవాడు ఎక్కిన గుర్రం ఆ ఇంటిది. కుర్రవానికి గుర్రం లేదు, పోలీసుశాఖలో చిన్న ఉద్యోగం ఉన్నది. గుర్రమున్న పెద్దాయనకు డెబ్బై దాటాయి, ఎక్కే ఓపిక లేదు. ఇద్దరూ కలిస్తే ఒక రౌతు. మైదానంలో ఆడేవారిలో చాలామంది కథ ఇదేనట.

పెద్దాయన పెరట్లో పీట వేసి కూర్చోపెట్టాడు. నల్లబియ్యపు పాయసం పెట్టించాడు. మిత్రుడు దుబాసీగా ఉండగా మాటలు సాగాయి. ఆయనకు ఒకప్పుడు నాలుగు గుర్రాలుండేవి. ఇప్పుడు రెండు. వాటికి శాల లేదు. ఉదయాన విప్పి వదిలితే ఊరి ప్రక్కనున్న లాంఫెల్‌పాట్ అనే చిత్తడినేలకు పోయి, మోకాలిలోతు నీళ్ళలో నిలబడి గడ్డి మేసి, సాయంత్రానికి తిరిగి వచ్చేవి. వాళ్ళ తాతలనాటినుంచీ అదే పద్ధతి. గుర్రాన్ని పోషించడమంటే ఇక్కడ దాణా కొనడం కాదు, ఊరి గడ్డిమీద నమ్మకం ఉంచడం. అందుకే రైతుకు కూడా గుర్రం ఉండగలిగింది. అందుకే ఆట ఊరందరిది అయింది. మనం పోలోను ధనవంతుల ఆట అంటున్నామంటే, గడ్డిని కొనవలసిన దేశాలలో దానిని చూచాము గనుక.

ఆ చిత్తడినేల ఏటేటా తరిగింది. కొంతభాగంలో కచేరీలు లేచాయి, కొంతభాగంలో ఆసుపత్రి, కొంతభాగంలో ఇళ్ళు. గుర్రాలు మాత్రం పాత దారినే పోతున్నాయి. గడ్డి ఉన్నచోట గోడ ఎదురైతే బజారున పడి చెత్తకుండీలు వెతుకుతున్నాయి. పెద్దాయన గుర్రాల్లో ఒకటి కడుపు ఉబ్బి చనిపోయింది. పొట్ట కోస్తే బయటపడినవి ప్లాస్టిక్ సంచులు. మరొకదాన్ని రాత్రి లారీ కొట్టింది. ఈ మాటలు ఆయన కంటతడి లేకుండా చెప్పాడు. మిత్రుడే తర్జుమా చేయలేక మధ్యలో ఆగారు.

ప్రభుత్వ పశుగణనలో 2003లో మణిపూరు పొట్టి గుర్రాలు 1,898. 2012 నాటికి 1,101. తొమ్మిదేళ్ళలో ఎనిమిదివందలు తరిగాయి. 2013లో రాష్ట్రప్రభుత్వం దీనిని అంతరించిపోతున్న జాతిగా ప్రకటించింది, 2016లో సంరక్షణకు ఒక విధానాన్ని ప్రకటించింది. అదే సంవత్సరం నుంచి జనవరిలో స్త్రీలకు పోలో పోటీలు మొదలయ్యాయి. విదేశాల నుంచి వచ్చిన ఆటగత్తెలు ఈ పొట్టి గుర్రాలెక్కి మణిపురీ అమ్మాయిలతో ఆడారు. 2023 జనవరిలో మార్జింగ్ కొండమీద పోలో రౌతు విగ్రహాన్ని 122 అడుగుల ఎత్తున నిలబెట్టారు. విగ్రహం ఎంత ఎత్తున్నా సంతోషమే. దానికి గడ్డి అక్కరలేదు, అది ఒక సౌకర్యం.

నేను పెద్దాయనకు మా ఊరి సంగతి చెప్పాను. నా చిన్నతనంలో మేము బడికి జట్కాలో వెళ్ళేవాళ్ళం. స్టేషను దగ్గర పదిహేను జట్కాలు వరుసగా నిలబడేవి. గుర్రాల మెడలో మువ్వలు, నోసలిమీద ఎర్రకుచ్చు. ఆటోలు వచ్చిన నాలుగైదేళ్ళలో ఒక్కటీ మిగలలేదు. ఆ గుర్రాలు ఏమైనాయో, ఎక్కడికి పోయినాయో మేమెవ్వరం అడగలేదు. బడికి త్వరగా చేరుతున్నామని సంతోషించాము.

ఆయన శ్రద్ధగా విన్నాడు. తరువాత ఒక ప్రశ్న వేశాడు. మిత్రుడు దానిని తెలుగులోకి కాదు గదా, హిందీలోకి మార్చడానికి కూడా క్షణం ఆలోచించి, "గుర్రాలు పోయాయి సరే, గడ్డి ఉన్నదా అని అడుగుతున్నారు," అన్నారు.

స్టేషను వెనక మా చిన్నప్పుడు చెరువు ఉండేది, దాని గట్టున గడ్డి ఉండేది. ఇప్పుడక్కడ కల్యాణమండపం ఉన్నది. లేదని చెప్పాను.

వచ్చేటప్పుడు ఆయన అటకమీద వెతికి వెదురుదుంప బంతి ఒకటి నా చేతిలో పెట్టాడు. ఒకవైపు కర్రదెబ్బలకు నలిగి ఉన్నది. ఇంటికి తెస్తే మా అమ్మ దానిని ఏదో మందుదుంప అనుకుని, ఎలా అరగదీయాలని అడిగింది. మా వీధి పిల్లలు సైకిళ్ళెక్కి హాకీకర్రలతో ఒక సాయంత్రం ఆడి చూచారు. వీధి ఇరుకు, బంతి గట్టిది. ఎదురింటివారి కిటికీ అద్దం ఒకటి మేమే వేయించవలసి వచ్చింది.

2023 మే నెలలో మణిపూరులో రేగిన మంటలు అందరికీ తెలిసినవే. రెండువందలకు పైగా ప్రాణాలు పోయాయి. అరవైవేల మంది దాకా ఇళ్ళు విడిచారు. లోయలోవారు లోయలోకి, కొండలవారు కొండలమీదికి. రెండు ప్రక్కలా శిబిరాల్లో తలదాచుకున్న తల్లులే. ఎన్నో రోజులు ఫోను కలవలేదు. కలిసిననాడు ఏమడగాలో తెలియక, మీరంతా క్షేమమేనా అన్నాను. క్షేమమే అన్నారు మిత్రుడు, అంతకుమించి చెప్పలేదు.

క్రిందటి సంక్రాంతికి ఆయనే ఫోను చేశారు. కళాశాల సంగతులు, పిల్లల చదువులు అన్నీ అయ్యాక, "మన పెద్దాయన మిమ్మల్ని అడిగారు, ఒజ్జ బాగున్నాడా అని," అన్నారు. మా మాట విన్నప్పటినుంచి ఆయన నాతో ఓజా అనడం మాని ఒజ్జ అంటున్నారు. పెద్దాయన దగ్గర ఇప్పుడు ఒక్క గుర్రమే ఉన్నదట, ఆడది. అది కార్తీకమాసంలో ఈనింది. పిల్ల మగది, నుదుట తెల్లచుక్క. పోలీసు కుర్రవాడు రోజూ డ్యూటీ దిగి వచ్చి చూచిపోతున్నాడు.

"బయటికి వదులుతున్నారా?" అని అడిగాను.

"లేదండీ. పెరట్లోనే కట్టివేస్తున్నారు. ఆ ఇంట్లో గుర్రాన్ని కట్టడం ఇదే మొదలు. ఆయన మనుమరాలు పొద్దున్నే సైకిలుమీద నది ఒడ్డుకు పోయి గడ్డి కోసుకు వస్తున్నది."